ఫ్రీరైడ్ స్కీస్ రివ్యూ: గుల్మార్గ్ మంచులో 5 రోజులు. స్కీ పాస్, నేను ఫెయిల్!

ఇదిగో, నేను ఇలా ఉన్నాను. కెమెరా కొంచెం కిందకి దించుతా చూడండి. ఎడమ మోకాలికి ఈ బ్రేస్ కనిపిస్తోంది కదా, ఆరు వారాలు ఇదే మన ఫ్యాషన్. ఇది ఎలా వచ్చిందో వీడియో చివర్లో చెప్తాను. స్కిప్ చేయకండి, ఎందుకంటే ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణమే అది.

ముందుగా ఒక మాట. ఇది స్పాన్సర్డ్ వీడియో కాదు. ఈ స్కీస్ నేను గుల్మార్గ్‌లో అద్దెకి తీసుకున్నవి, డబ్బు నాది, మోకాలు కూడా నాదే. బ్రాండ్ పేరు చెప్పడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయేది ఈ ఒక్క జత గురించి మాత్రమే కాదు, ఈ టైప్ స్కీస్ అన్నిటి గురించీ. పైగా అద్దె స్కీ అంటే నాకంటే ముందు ఎంతమంది రాళ్ల మీద తోలారో తెలియదు కదా, దాన్ని చూసి కంపెనీకి మార్కులు వేస్తే న్యాయం కాదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. మాది నరసరావుపేట. బీటెక్ చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు కోడ్ రాసి, తర్వాత ఈ కెమెరా ముందుకొచ్చాను. మంచు మొదటిసారి చూసింది 24 ఏళ్ల వయసులో, గుల్మార్గ్‌లో రెండు వారాల బేసిక్ స్కీ కోర్సులో. అప్పటిదాకా నాకు తెలిసిన చలి అంటే లంబసింగి చలే. దాన్ని ఆంధ్రా కశ్మీర్ అంటాం కదా, అసలు కశ్మీర్‌కి వెళ్లాక ఆ పోలికకి నవ్వొచ్చింది. ఆ తర్వాత ప్రతి చలికాలం వెళ్తూనే ఉన్నాను. మొత్తం కలిపితే స్కీస్ మీద నేను గడిపింది ఓ నలభై రోజులు. అంటే నేను బిగినర్‌ని కాదు, ఎక్స్‌పర్ట్‌ని అసలే కాదు. మధ్యలో ఉన్నవాణ్ని. ఈ లైన్ గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

సరే, అసలు ఫ్రీరైడ్ స్కీ అంటే ఏంటి?

రిసార్ట్‌లో మెషీన్‌తో చదును చేసిన స్లోప్ ఉంటుంది. దాన్ని గ్రూమ్డ్ స్లోప్ అంటారు. తారు రోడ్డు లాంటిది. దాని పక్కన ఎవరూ ముట్టుకోని మంచు ఉంటుంది, చెట్ల మధ్య, గిన్నెలా ఉండే లోయల్లో. అది పొలం లాంటిది. రేస్ స్కీ రోడ్డు కోసం. బాగా వెడల్పుగా ఉండే పౌడర్ స్కీ పొలం కోసం. రెండిటికీ ఒకటే బండి కావాలంటే? అదే ఆల్ పర్పస్ ఫ్రీరైడ్ స్కీ. ఎస్‌యూవీ అనుకోండి. రోడ్డు మీద కారంత హాయిగా ఉండదు, బురదలో ట్రాక్టర్ అంత సుఖమూ ఉండదు, కానీ రెండు చోట్లా ఇంటికి చేరుస్తుంది.

నేను వాడిన స్కీ పొడవు 180 సెంటీమీటర్లు. దాని మీద మూడు అంకెలు రాసుంటాయి: 132, 102, 122. ముందు కొన దగ్గర వెడల్పు 132 మిల్లీమీటర్లు, బూటు కింద 102, వెనక తోక దగ్గర 122. ఫోన్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత అని ఎలా చూస్తామో, స్కీలో ముందు ఆ మధ్య అంకె చూడాలి. దాన్ని వేస్ట్ అంటారు, అంటే నడుము. రేస్ స్కీలకి నడుము 65, 70 దగ్గర ఉంటుంది. 110 దాటితే అది పూర్తిగా పౌడర్ కోసం. 95 నుంచి 105 మధ్యలో ఉన్నవే ఈ అన్నిటికీ పనికొచ్చే ఫ్రీరైడ్ రకం.

ఇంకో అంకె ఉంటుంది, రేడియస్. దీని మీద 18 మీటర్లు అని ఉంది. స్కీ పక్క వంపుని అలాగే పొడిగించి వృత్తం గీస్తే దాని వ్యాసార్థం అన్నమాట. స్కీని వాల్చినకొద్దీ మలుపు చిన్నదవుతుంది. గట్టి మంచు మీద సుమారుగా ఈ 18ని వాల్చిన కోణం కొసైన్‌తో గుణిస్తే చాలు. 30 డిగ్రీలు వాల్చితే దాదాపు 15.6 మీటర్ల మలుపు, 60 డిగ్రీలు వాల్చితే 9 మీటర్లు. బీటెక్‌లో ఎమ్-వన్ రెండోసారి రాసి పాసయినవాడికి కొసైన్ ఇక్కడ పనికొస్తుందని ఎవరనుకుంటారు!

ఇక ఆకారం. స్కీని నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి. మధ్యలో కొంచెం పైకి విల్లులా లేచి ఉంటుంది. దాన్ని క్యాంబర్ అంటారు. లారీ కింద కమాన్ పట్టీలు చూశారు కదా, అలాగే. మన బరువు పడగానే మధ్య భాగం కిందికి అణిగి, ఆ ఒత్తిడి ముందుకీ వెనక్కీ పాకి, అంచు పొడవునా మంచుని పట్టుకుంటుంది. గట్టి మంచు మీద గ్రిప్ ఇచ్చేది అదే. కొనల దగ్గర మాత్రం నేలని తాకకుండా చాలా ముందు నుంచే పైకి లేస్తుంది. దాన్ని రాకర్ అంటారు. పడవ ముక్కులాంటిది, మెత్తటి మంచులో మునగకుండా పైకి తేలుస్తుంది. ఈ స్కీలో రెండూ ఉన్నాయి: కాలి కింద క్యాంబర్, రెండు కొనల్లో రాకర్.

దీని వెనక కథ కూడా బాగుంటుంది. 1980ల చివర్లో ఆస్ట్రియా కంపెనీ ఆటమిక్, పౌడర్ ప్లస్ అని వెడల్పాటి స్కీ తెచ్చింది. చూడ్డానికి లావుగా ఉందని జనం దాన్ని ఫ్యాట్ బాయ్ అన్నారు. 1990లలో స్లొవేనియా కంపెనీ ఎలాన్, ఎస్‌సీఎక్స్ అనే స్కీతో నడుము బాగా సన్నం చేసి చూపించింది, మలుపులు తేలికయ్యాయి. తర్వాత వచ్చాడు షేన్ మెక్‌కాంకీ. నీళ్ల మీద ఆడే వాటర్ స్కీలకి బైండింగ్స్ బిగించి అలాస్కా మంచులో దిగిన మనిషి. మెత్తటి మంచు నీళ్లలాంటిదే కదా, మరి స్కీ కూడా పడవలా ఎందుకు ఉండకూడదు అన్నది అతని ఐడియా. దాన్నుంచి 2000ల మొదట్లో వోలాంట్ కంపెనీ స్పాచులా అనే స్కీ వచ్చింది. స్పాచులా అంటే ఏంటో తెలుసా? అట్లకాడ! మధ్యలో వెడల్పు, కొనలు పైకి. అప్పట్లో వింతగా చూశారు. ఈరోజు అద్దె షాపులో నాకిచ్చిన మామూలు స్కీ కొనలో కూడా ఆ అట్లకాడ అంశ ఉంది.

ఓకే, థియరీ అయిపోయింది. మంచులోకి వెళ్దాం.

గుల్మార్గ్ ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. అక్కణ్నుంచి గొండోలా ఎక్కితే ఫేజ్ వన్‌లో కొంగ్‌డూరి, ఫేజ్ టూలో అఫర్వాట్ కొండ భుజం మీదకి, అంటే 3,900 మీటర్లు దాటాక దిగుతాం. మన అరకు చుట్టూ ఉన్న పెద్ద కొండలు 1,600 చిల్లర. అంటే వాటికి రెట్టింపు పైన! బూటు బకిల్ పెట్టుకోవడానికే ఆయాసం వస్తుంది. ఇంకో టిప్, ఫోన్ వాడేవాళ్ల కోసం: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. చలికి బ్యాటరీ 40 శాతం నుంచి ఒక్కసారిగా ఆఫ్ అయిపోతుంది. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

మొదటి రోజు, గట్టి మంచు.

పొద్దున పది. రాత్రి గడ్డకట్టిన గ్రూమ్డ్ స్లోప్. స్కీ కింద చప్పుడు ఎలా ఉందంటే, గరుకు బండ మీద రేకు లాగినట్టు. ఈ స్కీ ఇక్కడ ఎలా చేసింది? నిజాయితీగా చెప్తాను, పదికి ఆరు.

కారణం సింపుల్. నడుము 102 అంటే బూటు మధ్య నుంచి అంచు 51 మిల్లీమీటర్ల దూరం. 68 నడుము ఉన్న స్కీలో అది 34. అంటే ఒకటిన్నర రెట్లు. మంచు అంచుని తోసే బలం అదే అయినా, చీలమండ మీద, మోకాలి మీద పడే తిప్పుడు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడానికి కూడా ఎక్కువ సేపు పడుతుంది. సన్నటి స్కీ పల్సర్‌లా టక్కున వంగితే, ఇది బుల్లెట్‌లా ఆలోచించి వంగుతుంది. పైగా కొనల్లో రాకర్ వల్ల గట్టి నేలని తాకే పొడవు తగ్గుతుంది. 180 పొడవున్న స్కీలో టేపు పెట్టి చూస్తే నాకు 135 దాకానే వచ్చింది. మిగతాది గాల్లో. స్పీడ్ పెరిగినప్పుడు ఆ ముందు కొన టపటపా కొట్టుకుంటుంది. చూస్తే భయమేస్తుంది కానీ, ఏమీ కాదు. దాని వైపు చూడకపోతే చాలు.

అయితే ఒకసారి వాల్చి, బరువు బయటి కాలి మీద పెట్టి ఓపికగా ఆగితే, పట్టు దొరుకుతుంది. దీని లోపల చెక్కతో పాటు టైటనాల్ అనే రేకు పొర ఉంది. పేరు చూసి టైటానియం అనుకోకండి, అది అల్యూమినియం మిశ్రమ లోహం. అదరడాన్ని తగ్గించడం దాని పని. మలుపు మధ్యలో నిశ్చింతగా ఉందంటే దాని పుణ్యమే. కాకపోతే అదే రేకు వల్ల స్కీ బరువూ పెరుగుతుంది, బిగుసూ పెరుగుతుంది. ఒక్కోటీ రెండు కిలోల పైనే.

రెండో రోజు రాత్రంతా మంచు పడింది.

పొద్దున లేచేసరికి హోటల్ మెట్లు కనిపించలేదు. మోకాలి దాకా ఉంది. ఫేజ్ టూ మూసేశారు, పైన అవలాంచ్ భయం ఉంటుంది కాబట్టి. అవలాంచ్ అంటే మంచు చరియ ఊడి కిందకి రావడం. మేము కొంగ్‌డూరి నుంచి గుల్మార్గ్ దాకా చెట్ల మధ్యలో దిగాం. అక్కడ ఈ స్కీ అసలు రూపం చూశాను.

ఒక చిన్న లెక్క. నేనూ నా సామానూ కలిపి 85 కిలోలు. మామూలు బూట్లతో నిలబడితే రెండు పాదాల కింద 500 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. ఈ రెండు స్కీల కింద సుమారు 4,100. అంటే ఒత్తిడి ఎనిమిదో వంతు. 165 పొడవున్న సన్నటి రేస్ స్కీలయితే 3,000 దగ్గర ఉంటుంది. వాటికంటే దీనికి మూడో వంతుకి పైగా ఎక్కువ జాగా. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ ఎందుకు వేస్తారు? బురదలో దిగబడకుండా. సేమ్ లాజిక్!

ఫీలింగ్ ఎలా ఉంటుందంటే, మొదటి రెండు మలుపులు నేను పాత అలవాటుతో వెనక్కి వాలాను. కొన మునుగుతుందేమోనని భయం. మునగలేదు. దానంతట అదే పైకి తేలింది. అప్పుడు ధైర్యం చేసి మధ్యలో నిలబడ్డాను. చప్పుడు మొత్తం ఆగిపోయింది. దేవదారు చెట్ల మధ్య మంచు పొడి ఛాతీకి తగులుతోంది, కాళ్ల కింద ఏమీ లేనట్టుంది. కింద ఆగాక నేను అరిచిన అరుపు క్లిప్‌లో ఉంది, వాల్యూమ్ తగ్గించుకుని వినండి. పౌడర్‌లో పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, నిజంగా నడుము లోతు మంచు పడితే 115 స్కీ దీనికంటే తేలిక.

మూడో రోజు ఎండ కాసింది, ఫేజ్ టూ తెరిచారు. ఇక్కడ కాసేపు సీరియస్‌గా వినండి.

అఫర్వాట్ పైన ఎడమా కుడీ ఎటు చూసినా ఎవరూ ముట్టని మంచే. కానీ ప్యాట్రోల్ వాళ్లు చూసుకునేది గొండోలా కింద ఉన్న మెయిన్ బౌల్‌నే. తాడు దాటితే ఎవరి ప్రాణానికి వాళ్లే పూచీ. ముందు రోజు పౌడర్‌లో అంత బాగా దిగాను కదా, నాకు కొమ్ములొచ్చాయి. తాడు అవతల ఒక వాలు చూపించి, "భాయ్‌జాన్, అటు వెళ్దామా?" అని మా గైడ్‌ని అడిగాను. ఆయన కశ్మీరీ, వయసు యాభై పైనే. నా స్కీల వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. "ఈ స్కీ వెళ్లగలదు. నువ్వు తిరిగి రాగలవా?" అన్నాడు. అంతే. తాడు ఇవతలే దిగాం.

ఎందుకు ఆపాడో అర్థం చేసుకోండి. పలకలా ఊడే అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో వస్తాయి. అంటే స్కీయింగ్‌కి మజా వచ్చే వాలు, ప్రాణం తీసే వాలు ఒకటే. కొత్త మంచు పడిన మర్నాడు, పైగా గాలి వీస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. 2010 ఫిబ్రవరిలో ఇదే చోటికి దగ్గర్లో, ఖిలన్‌మార్గ్ వైపు, ఆర్మీ హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ శిక్షణ బృందం మీద అవలాంచ్ పడి 17 మంది జవాన్లు చనిపోయారు. మంచు గురించి మనకంటే వంద రెట్లు తెలిసినవాళ్లు. తాడు దాటాలంటే ట్రాన్సీవర్, ప్రోబ్ కర్ర, పార మూడూ ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి, పక్కన అవే ఉన్న మనిషి ఉండాలి. మంచు కింద పడిన మనిషికి మొదటి 10, 15 నిమిషాలే గట్టి ఆశ. బయటి నుంచి హెల్ప్ వచ్చేలోపు అది అయిపోతుంది. స్కీ వెడల్పుగా ఉంటే అవలాంచ్ ఆగదు ఫ్రెండ్స్.

నాలుగో రోజు, చెదిరిన మంచు. స్కీ భాషలో క్రడ్ అంటారు.

రెండు రోజులు జనమంతా తిరిగాక మంచు దున్నిన పొలంలా అయిపోతుంది. ఒకచోట బెడ్డ, ఒకచోట గుంట, ఒకచోట మెత్తగా, పక్కనే గట్టిగా. సన్నటి స్కీ అయితే ప్రతి బెడ్డకీ దారి తప్పుతుంది. ఈ స్కీ మాత్రం బెడ్డల్ని కొట్టుకుంటూ పోయింది. బరువు, టైటనాల్ రేకు, వెడల్పు మూడూ ఇక్కడ కలిసొస్తాయి. నన్నడిగితే ఆల్ పర్పస్ అనే మాటకి అసలు అర్థం ఇక్కడే తెలుస్తుంది. పౌడర్ అరగంటలో అయిపోతుంది, మిగతా రోజంతా మనం దిగేది ఈ చెదిరిన మంచులోనే. పదికి ఎనిమిదిన్నర.

ఒక షరతు. స్పీడ్‌లో ఉంటేనే. నెమ్మదిగా, భయంభయంగా వెళ్తే ఇది మొండికేస్తుంది. బిగుసైన స్కీ వంగాలంటే బలం కావాలి, బలం స్పీడ్ నుంచి వస్తుంది. మధ్యాహ్నానికి నా తొడలు మంటెక్కాయి. అలసిపోయినవాడి కింద ఈ స్కీ యజమాని అయిపోతుంది, మనం పనివాళ్లం అవుతాం.

ఐదో రోజు.

ఆ రోజు ఎండ ఎక్కువ. మధ్యాహ్నం మూడింటికి కింది మంచు తడిసి, కరిగిన ఐస్ గోలాలా బరువుగా తయారైంది. స్కీ అడుగున ఉండేది పాలిథిలీన్, దాని మీద మైనం రాస్తారు. ఆ మైనం ఉష్ణోగ్రతని బట్టి మారాలి. నా స్కీలకి ఉన్నది చలి మైనం అనుకుంటా, తడి మంచులో అడుగున ఎవరో పట్టి లాగినట్టు ఆగి ఆగి వెళ్తోంది. చివరి రన్. గుల్మార్గ్ బేస్ ఇంకో వంద మీటర్లు. వాలు కూడా పెద్దగా లేదు. స్పీడ్ ఎంత? సైకిల్ తొక్కినంత.

కుడి స్కీ జారింది. ఎడమ స్కీ తోక తడి మంచులో ఇరుక్కుంది. ఒళ్లు కుడివైపు తిరిగింది, ఎడమ కాలు తిరగలేదు. స్కీ ఊడి రావాలి. ఊడలేదు. మోకాలి లోపల టప్ అని చిన్న చప్పుడు.

ఇప్పుడు వీడియో మొదట్లో గుర్తుపెట్టుకోమన్న లైన్ దగ్గరకి రండి.

బూటుని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. పడినప్పుడు బూటుని వదిలేయడం దాని రెండో పని, నిజానికి మొదటి పని. ఎంత బలానికి వదలాలో ఒక స్కేలు ఉంటుంది, డిన్ అంటారు. అంకె పెరిగితే పట్టు పెరుగుతుంది. ఆ అంకెని బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఇంకా స్కీయర్ టైప్ చూసి చార్టులోంచి తీస్తారు. టైప్ 1 అంటే జాగ్రత్తగా, నెమ్మదిగా వెళ్లేవాళ్లు. టైప్ 2 మధ్యలో. టైప్ 3 అంటే వేగంగా, నిటారు వాలుల్లో దూకుడుగా వెళ్లేవాళ్లు. నా కొలతలకి టైప్ 1 అయితే 5 ప్రాంతంలో రావాలి. టైప్ 3 అయితే 7 దగ్గరికి వెళ్తుంది.

అద్దె షాపులో ఫామ్ ఇచ్చినప్పుడు నేను టైప్ 3 టిక్ పెట్టాను.

ఎందుకు? ఫోన్ ఆన్‌లో ఉంది. షార్ట్ తీస్తున్నాను. షాపాయన రెండుసార్లు అడిగాడు, "పక్కానా?" అని. నేను కెమెరా వైపు చూసి నవ్వి "పక్కా" అన్నాను. తప్పు ఆయనది కాదు, స్కీది కాదు, బైండింగ్‌ది అసలే కాదు. దానికి ఏం చెప్పామో అది చేసింది. ఇన్‌పుట్ తప్పు ఇస్తే అవుట్‌పుట్ తప్పొస్తుందని నాలుగేళ్లు జూనియర్లకి చెప్పినవాణ్ని నేను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. సెట్టింగ్ కరెక్ట్‌గా ఉన్నా మోకాలు వంద శాతం సేఫ్ కాదు. ఈ బైండింగ్స్ ప్రధానంగా కాలి ఎముక విరగకుండా చేయడానికి తయారైనవి. నెమ్మదిగా మెలితిరిగే పడటాల్లో లిగమెంట్‌ని అవి పూర్తిగా కాపాడలేవు. కానీ 5 దగ్గర ఉండి ఉంటే నాకు ఒక చాన్స్ ఉండేది. ఆ చాన్స్‌ని నేనే ఒక టిక్కుతో తీసేశాను.

మొదటి రోజు గుల్మార్గ్‌లో స్లెడ్జ్ లాగేవాళ్లు చుట్టూ మూగితే "వద్దు భాయ్, నేను స్కీయర్‌ని" అని పోజు కొట్టి తప్పించుకున్నాను. ఐదో రోజు వాళ్లలో ఒకతనే తన చెక్క స్లెడ్జ్ మీద నన్ను కూర్చోబెట్టి రోడ్డు దాకా లాగాడు. డబ్బు ఇవ్వబోతే ముందు చాయ్ తాగమన్నాడు. డాక్టర్ చూసి, మోకాలి లోపలి వైపు లిగమెంట్ సాగింది, తెగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. బతికిపోయాను.

హైదరాబాద్ వచ్చాక ఈ రివ్యూ ఎడిట్ చేశాను. మొదటి వెర్షన్‌లో ఈ పడటం లేదు. పౌడర్ క్లిప్‌లు, అరుపులు, మ్యూజిక్, ఐదు స్టార్లు. అప్‌లోడ్ చేయబోతుంటే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నీ షార్ట్ చూశాను. వచ్చే వారం ఫ్రెండ్స్‌తో గుల్మార్గ్ వెళ్తున్నాం, ఫస్ట్ టైమ్. ఫామ్‌లో నేను కూడా టైప్ 3 పెట్టనా?" అని. కాసేపు అలా ఫోన్ పట్టుకుని కూర్చుండిపోయాను. నా మోకాలంటే నా ఖర్మ. ఆ అబ్బాయి మోకాలు ఏం పాపం చేసింది? తనకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆ షార్ట్ తీసేశాను. ఈ వీడియో మళ్లీ మొదటి నుంచి చేశాను.

సో, ఫైనల్ వెర్డిక్ట్. ఈ టైప్ స్కీ ఎవరికి?

మొదటిసారి వెళ్తున్నారా? వద్దు. 75, 80 నడుము ఉన్న మెత్తటి, పొట్టి స్కీ తీసుకోండి, గడ్డం ఎత్తుకి వచ్చేది. దాని మీద తొందరగా నేర్చుకుంటారు. గ్రూమ్డ్ స్లోప్ మీద రెండు స్కీలు సమాంతరంగా ఉంచి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలుగుతున్నారా? అప్పుడు పౌడర్ పడిన రోజు ఒక్క రోజుకి దీన్ని అద్దెకి తీసుకోండి. నాలాంటి మధ్య రకం వాళ్లకి 95 నడుము చాలు, పొడవు మీ ఎత్తు కంటే కొంచెం తక్కువ. నేను తీసుకున్న 180 నాకంటే అయిదు సెంటీమీటర్లు ఎక్కువ, అది కూడా కెమెరా కోసమే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కొనాలా? ఏడాదికి పది రోజులు కూడా వెళ్లని మనకి బైండింగ్‌తో కలిపి లక్ష పైమాట పెట్టడం దండగ. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి, గైడ్‌ని పెట్టుకోండి. స్కీ కంటే బూటు ముఖ్యం, బూటు కంటే గైడ్ ముఖ్యం.

అద్దె తీసుకునేటప్పుడు నాలుగు పనులు. ఒకటి, గోరు వెనకభాగాన్ని స్కీ అంచుకి అడ్డంగా గీసి చూడండి, పొడి రాలితే అంచు పదునుగా ఉన్నట్టు. రెండు, అడుగున పెద్ద గాట్లు ఉన్నాయేమో చూడండి. మూడు, బైండింగ్ అంకె మీ ఎదురుగానే సెట్ చేయించుకోండి, ఎంత పెట్టారో ఫోటో తీసుకోండి. నాలుగు, ఫామ్‌లో నిజం రాయండి. బరువు నిజం, వయసు నిజం, టైప్ నిజం. అక్కడ మిమ్మల్ని ఎవరూ జడ్జ్ చేయరు. చేసేది మోకాలే.

చివరిగా ఒకటి. ఇంట్లో నేను చెప్పింది "ఢిల్లీలో షూట్ ఉంది" అని. సిగ్నల్ లేదని ఐదు రోజులు అమ్మకి ఫోన్ కూడా సరిగ్గా చేయలేదు. ఈ వీడియో ఎలాగూ అమ్మ చూస్తుంది, ఎందుకంటే అమ్మ ఫోన్‌లో బెల్ ఐకాన్ నొక్కింది నేనే. అమ్మా, బాగానే ఉన్నాను, ఆపరేషన్ ఏమీ లేదు. ఈ ఆదివారం ఊరికి వస్తున్నాను, తిట్లన్నీ అప్పుడు తింటాను, గోంగూర పప్పుతో పాటు.

ఫ్రెండ్స్, మీలో ఎవరైనా ఇలా ఏదో ఒక ఫామ్‌లో గొప్పకి పోయి టిక్ పెట్టి దెబ్బ తిన్నారా? జిమ్ కావచ్చు, ట్రెక్ కావచ్చు. కామెంట్‌లో రాయండి, చదువుతాను. గుల్మార్గ్ వెళ్లే ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. మోకాలు బాగయ్యాక, టైప్ 1 అని టిక్ పెట్టి, పొట్టి స్కీస్‌తో మళ్లీ మంచులో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను. జాగ్రత్త.